ఏడో బండి, మైనస్ మూడు

ఫిబ్రవరి 6

అన్నయ్యా,

కాగితం చూసి కంగారు పడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేశాను. నీ చేతిలో ఉన్నది సంస్థ ఫోను, నా బల్ల మీద ఉన్నదీ సంస్థ ఫోనే. రెండింటిలోనూ మాట్లాడిన ప్రతి ముక్కా రికార్డవుతుంది. అందుకే ఉతికిన దుప్పట్లు మీ స్టేషనుకి తెచ్చే వ్యానులో ఇది పంపుతున్నాను. చదివి చించెయ్.

సంగతేమిటంటే, మన అంబులెన్సుల సంస్థకి కొత్త సాఫ్ట్‌వేర్ కొంటున్నారు. బండ్ల రికార్డులు, కాల్ రూము రికార్డులు, ఆసుపత్రి రికార్డులు అన్నీ ఒకచోట పోస్తే అది వాటిని బొమ్మలుగా గీసి డైరెక్టరుగారికి చూపిస్తుంది. మూడు కంపెనీలు వచ్చాయి. మూడింటినీ పక్కపక్కన పెట్టి, ఏది కొనాలో మార్చి ఆరున చెప్పాల్సింది నేను. పదేళ్లుగా రికార్డుల గదిలో మూల కూర్చున్నదాన్ని ఒక్కసారిగా వేదిక ఎక్కించారు.

పరీక్ష కోసం పోయిన ఏడాది పన్నెండు బండ్ల కాల్స్ అన్నీ పోశాను. మొదటిదానికి రంగులపెట్టె అని పేరు పెట్టుకున్నాను. నాలుగు నొక్కులకే తెర నిండా పచ్చ, పసుపు, ఎరుపు. ఆ ఎరుపు నీది అన్నయ్యా. ఏడో బండి. ఫోన్ వచ్చిన దగ్గర్నుంచి చేరేదాకా మిగతావాళ్లకి సగటున ఏడు నిమిషాలు. నీకు పన్నెండు.

డైరెక్టరుగారు నా వెనకే నిలబడి చూశారు. "అడుగునున్న బండివాళ్లని దింపేద్దాం. ఏడో నంబరు ఎవరిది?" అన్నారు. "చూసి చెప్తాను సార్" అన్నాను.

ఒక్కటే అడుగుతాను, కోప్పడకు. ఆ ఐదు నిమిషాలూ ఏం చేస్తున్నావు? బండి ఆపి ప్రార్థన చేస్తున్నావా?

వదినకి చెప్పకు.

చెల్లెలు

ఫిబ్రవరి 10

అన్నని నిలదీసే అధికారం ఎవరిచ్చారో తెలియదు గానీ, నా చెల్లెలికి కృపయు ధైర్యమును కలుగును గాక!

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చించమన్నావు, చించలేదు. పరిశుద్ధ గ్రంథంలో ఒక పేజీ దగ్గర పెట్టాను. ఏ పేజీయో విను.

ఒక రాజు ఉండేవాడు. గొర్రెలు కాసిన చేతులతోనే సింహాసనం ఎక్కాడు. ఉన్నట్టుండి తన జనాన్ని లెక్కపెట్టించాలని బుద్ధి పుట్టింది. సేనాధిపతి వద్దని మొత్తుకున్నాడు. వినలేదు. తొమ్మిది నెలల ఇరవై రోజులు తిరిగి లెక్క తెచ్చి చేతిలో పెట్టారు. అప్పుడు కొట్టుకుంది రాజు గుండె! లెక్క వెనకాలే తెగులు వచ్చింది. డెబ్బై వేల మంది! మీ డైరెక్టరుకి ఈ పేజీ ఎవరైనా చదివి వినిపించారా?

ప్రార్థన చేస్తాను. ప్రతి వారం చర్చిలో ప్రసంగం చేసే మనిషిని, ఎందుకు చేయను? కానీ స్టీరింగు పట్టుకుని, కళ్లు తెరుచుకుని చేస్తాను. నాతో వచ్చే నర్సుని అడుగు. "గురువుగారూ, మీరు ఆమెన్ అనేలోపు మనమే పైకి చేరేలా ఉన్నాం, కాస్త బ్రేకు మీద కాలు పెట్టండి" అని రోజూ దెప్పుతుంది. పదకొండేళ్లలో నన్ను నిదానం అన్న మొదటి మనిషివి నువ్వే.

ఇంతవరకూ కోపంతో రాశాను. ఇక్కణ్ణుంచి భయంతో రాస్తున్నాను.

నిన్న డ్యూటీ దిగి ఇంటికెళ్తే ముద్ద దిగలేదు. "ఎవరైనా తిట్టారా?" అంది మీ వదిన. "తిట్టలేదు, లెక్కపెట్టారు" అన్నాను. ఆమెకేం అర్థమవుతుంది? ఐదు నిమిషాలంటే నీకు తెర మీద జానెడు పట్టీ. నాకలా కాదు. తలకి గాలి అందకపోతే మనిషి మనిషిగా మిగలడానికి అంతకన్నా టైము ఉండదు. పోయిన వానల్లో ఒకామె ఆసుపత్రి గుమ్మంలో పోయింది. స్ట్రెచరు దించుతుంటే ఆమె చెయ్యి నా చొక్కా గుండీ పట్టుకుని ఉంది. ఆ రోజు నేను ఆలస్యంగా వెళ్లానా? నాకు తెలియకుండానే ఆలస్యం చేస్తున్నానా?

విందు మధ్యలో గోడ మీద వేళ్లు రాయడం చూసిన ఇంకో రాజు ఉన్నాడు. తనని త్రాసులో తూచారని, తక్కువ తూగాడని చదివి చెప్పారు. మోకాళ్లు ఒకదానికొకటి కొట్టుకున్నాయట. నావీ అంతే.

ఆ ఐదు నిమిషాల్లో ఎందరు పోయారో నీ పెట్టెలో ఉంటుందా? ఉంటే చెప్పు. వద్దు, చెప్పకు. లేదు, చెప్పు.

జనం ఉరుము అని పిలిచే నీ అన్న

ఫిబ్రవరి 14

అన్నయ్యా,

ముందు కూర్చో. పక్కన నర్సు ఉంటే పంపించెయ్.

మిగతా రెండు సాఫ్ట్‌వేర్లూ చూశాను. రెండోదాని పేరు మొహమాటం. ఏ పాత రికార్డునైనా చదువుతుంది గానీ ఇబ్బందిగా ఉన్నదేదీ మొహం మీద చెప్పదు. మూడోవాడు మొండివాడు. చూడ్డానికి బాగోడు, నేర్చుకోవడానికే నాకు వారం పట్టింది. అయితే ఏ అంకె మీద నొక్కినా కిందికి తెరుచుకుంటూ పోయి, ఆ అంకె ఏ కాల్ నుంచి వచ్చిందో చూపిస్తాడు.

రోగి వేలికి మీరు తగిలించే నాడి క్లిప్పు ఉంది కదా, అది తన టైము తానే రాసుకుంటుంది. అందులో మనిషి ప్రమేయం లేదు. ఫోనులో మీరు నొక్కే 'చేరాం' బటను టైము వేరు. చేరాక ఎంతసేపటికి క్లిప్పు పెడుతున్నారని మూడింటినీ అడిగాను. రంగులపెట్టె నీ కాల్స్ చాలావాటిని చెత్త కింద ఊడ్చేసింది. మొహమాటం సున్నా వేసింది. మొండివాడు ఉన్నదున్నట్టు చూపించాడు. మైనస్ మూడు.

మైనస్ మూడేమిటన్నయ్యా? నువ్వు చేరడానికి మూడు నిమిషాల ముందే రోగి వేలికి క్లిప్పు ఎలా పెట్టావు? ఒకటా రెండా, ఆరువందల కాల్స్. ఇంకే బండికీ ఇలా లేదు.

రంగులపెట్టె అమ్మడానికి వచ్చినాయన నా భుజం మీదుగా చూసి, "ఎవరో టైములు దిద్దినట్టున్నారు మేడమ్. దొంగ రికార్డులు ఇలాగే ఉంటాయి" అని నవ్వాడు. ఏ బండో అతనికి తెలియదు.

నువ్వేమైనా దిద్దావా? దిద్ది ఉంటే నాకు చెప్పు, ఇద్దరం కలిసే మునుగుదాం. ప్రస్తుతానికి ఆ కాల్స్ ఎవరికీ కనపడకుండా పెట్టాను. అదీ తప్పే. తలుపు చప్పుడైతే చాలు తెర మార్చేస్తున్నాను.

ఎందరు పోయారని అడిగావు. ఆ లెక్క ఉంది. తెరవడానికి నాకు ధైర్యం చాల్లేదు.

చెల్లెలు

ఫిబ్రవరి 17

అన్నని దొంగని చేసిన తోబుట్టువుకు,

దిద్దడమా? తెల్ల కాగితం మీద తప్పు రాస్తే కొట్టివేత కనపడేలా వదిలేసే మనిషిని నేను! నీ ఉత్తరం చదివి బండి తలుపు ఎంత గట్టిగా వేశానంటే, అద్దం బీటలిచ్చింది. ఆ సంగతి మాత్రం రికార్డులో రాశాను, చూసుకో.

కోపం చల్లారాక మూడో బండి డ్రైవరు దగ్గరికి వెళ్లాను. స్టేషనులో అందరూ మెరుపు అంటారే, అతనే. మీ బొమ్మల్లో అందరికన్నా పచ్చగా ఉండేది అతని బండేనట.

"ఉరుమన్నా, 'చేరాం' ఎప్పుడు నొక్కుతావు నువ్వు?" అన్నాడు.

"తీరిక దొరికినప్పుడు."

"తీరికట! విన్నారా?" అని పక్కవాళ్లకి చెప్పి మరీ నవ్వాడు. "మెరుపు ముందొస్తుంది, ఉరుము తర్వాతొస్తుందని ఊరికే అన్నారా? సందు మొదట్లో ఇల్లు కనపడగానే నొక్కెయ్ అన్నా. అందరం చేసేది అదే. రోగి దగ్గరికెళ్లి, తిరిగొచ్చి నొక్కేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను."

నేను చేసేది ఇదీ. బ్రేకు పడగానే సంచీ భుజాన వేసుకుని పరుగెత్తుతాను. క్లిప్పు నా చొక్కా జేబులోనే ఉంటుంది. ముందు వేలికి అది, తర్వాత ముక్కుకి గాలి గొట్టం. మనిషిని నర్సుకి అప్పజెప్పి స్ట్రెచరు కోసం బండి దగ్గరికి తిరిగి వస్తాను. అప్పుడు ఫోను కనబడుతుంది, నొక్కుతాను. అక్కడ మనిషి పడి ఉంటే ముందు ఫోనుకి కబురు చెప్పాలన్న ఆలోచనే నాకెప్పుడూ రాలేదు.

కొంచెంలో నమ్మకంగా లేనివాడికి ఎక్కువ అప్పగించకూడదని నేనే కదా ప్రతి వారం నిలబడి అరుస్తాను. బటను నొక్కడం కొంచెం పని. అందులో తప్పాను. ఇక నుంచి సందు మొదట్లోనే నొక్కుతాను. నా బండీ పచ్చగా ఉంటుంది. నా వల్ల నీ ఉద్యోగానికి మచ్చ రాదు.

నీ అన్న

ఫిబ్రవరి 19

అన్నయ్యా, నా పిచ్చి అన్నయ్యా!

అలా చేయకు. బటను జోలికి వెళ్లకు. ఇది అందగానే పాత పద్ధతికి వచ్చెయ్.

నువ్వు రాసిందేమిటో నీకే తెలియలేదు. ఉత్తరం పక్కన పెట్టుకుని మొండివాణ్ణి ఇంకోలా అడిగాను. 'చేరాం' సంగతి వదిలేసి, ఫోన్ మోగిన దగ్గర్నుంచి క్లిప్పు వేలికి తగిలేదాకా ఎంత అని. నీకు తొమ్మిది నిమిషాలు. మిగతావాళ్లకి పదకొండు. మెరుపుకి పదమూడు! వాళ్లు సందు మొదట్లో నొక్కి, తర్వాత తీరిగ్గా నడుస్తున్నారు. నువ్వు మనిషిని ముట్టుకున్నాక నొక్కుతున్నావు. ఆ మైనస్ మూడు దొంగ రికార్డు కాదు. నువ్వు పరుగెత్తిన గుర్తు.

బల్ల మీద తల పెట్టి ఏడ్చాను. టీ ఇచ్చే ఆవిడ "ఎవరైనా పోయారామ్మా?" అంది. "కాదు, మా అన్నయ్య దొరికాడు" అన్నాను.

ఆరో తారీకున ఇదే చూపిస్తాను. వాళ్లకి రంగులపెట్టె మీద మోజు ఉంది, నెగ్గుతానో లేదో తెలియదు. నువ్వు మాత్రం మారకు.

చెల్లెలు

ఫిబ్రవరి 23

చెల్లెమ్మా,

నీ దగ్గర్నుంచి జవాబు లేదు. దుప్పట్ల వ్యాను ఆరు రోజులుగా రాలేదు. ఇది కూరగాయల ఆటో అతన్ని బతిమాలి పంపిస్తున్నాను. ఇవాళ నా అక్షరాలు ఇలాగే ఉంటాయి, కూడబలుక్కుని చదువుకో.

నిన్న మధ్యాహ్నం ఒక కాల్ వచ్చింది. దర్జీ, యాభై ఏళ్లు, గుండెల్లో నొప్పి. ఆరో నిమిషానికి సందు మొదట్లో ఉన్నాను. అపార్టుమెంటు కనపడింది. నొక్కాను. తెర మీద పచ్చగా వెలిగింది. నీకు చెప్పడానికి సిగ్గుగా ఉంది, సంతోషించాను.

ఇరవై గజాలు వెళ్లామో లేదో, సందుకి అడ్డంగా కందకం. పైపుల కోసం తవ్వి వదిలేశారు. దాటడానికి పలక కూడా లేదు. కాల్ రూముకి ఫోన్ చేశాను. అవతలి వైపు నుంచి ఇంకో బండిని పంపమన్నాను.

"చేరారు కదన్నా, ఇంకో బండెందుకు?" అంది ఆ పిల్ల.

"చేరలేదమ్మా! కందకానికి ఇవతల ఉన్నాం!"

"నా తెర మీద చేరినట్టుంది. మీకు తోడుగా ఆపి ఉంచిన నాలుగో బండిని మీరు చేరగానే వదిలేశాను, వేరే కాల్‌కి వెళ్లిపోయింది."

నాలుగో బండి అప్పటిదాకా అవతలి రోడ్డు మీదే ఉంది చెల్లీ. మూడు నిమిషాల దూరం. నేను నొక్కాను కనక దాన్ని వదిలేశారు.

చుట్టూ తిరిగి పరుగెత్తాం. లిఫ్టు పనిచేయడం లేదు. ఐదో అంతస్తు. కుట్టు మిషను పక్కన నేల మీద ఉన్నాడు. మెడలో టేపు అలాగే ఉంది. భార్య తల ఒళ్లో పెట్టుకుని "వచ్చేశారు, వచ్చేశారు చూడు" అంటోంది. క్లిప్పు పెట్టాను. నాడి లేదు. నర్సు గుండె నొక్కుతూనే ఉంది. నేను ఆమె చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది.

సైన్యం నుంచి రాజు దగ్గరికి ఇద్దరు పరుగెత్తిన కథ ఉంది. ఒకడు అడ్డదారిన పడి ముందు చేరాడు. కొడుకు క్షేమమా అని అడిగాడు రాజు. ముందు చేరినవాడి దగ్గర కబురు లేదు! ఎన్నిసార్లు ప్రసంగించానో ఆ కథ. ఆ పరుగువాణ్ణి నేనేనని నాకు తెలియలేదు.

నీ పెట్టె తెరిచి చూడు. ఈ నెలలో ఏడో బండికి అన్నింటికన్నా మంచి కాల్ అదే. ఆరు నిమిషాలు. పచ్చగా ఉంటుంది.

నాకు భయంగా ఉంది.

అన్న

మార్చి 1

అన్నయ్యా,

నా పంతొమ్మిదో తారీకు ఉత్తరం ఇవాళ దొరికింది. మీ స్టేషనులో కాదు, మా దుప్పట్ల గదిలో. వ్యాను ఇరుసు విరిగింది, మూట అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు రెండూ కలిపి పంపుతున్నాను. ముందు అది చదవకు. చదివితే నన్ను క్షమించలేవు.

ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. "అన్నయ్యా, నొక్కకు" అని రెండు మాటలు. రికార్డవుతుందని భయపడ్డాను. కాగితం మీద రాసి దుప్పట్ల మధ్య దాచాను. అసలు నా మొదటి ఉత్తరమే లేకపోతే నువ్వు మెరుపు దగ్గరికి వెళ్లేవాడివే కాదు.

ఆ కాల్ చూశాను. మూడింటిలోనూ చూశాను. మొదటిదాంట్లో పచ్చగానే ఉంది. రెండోదాని సంగతి రాయడానికి చెయ్యి రావడం లేదు. నాడి అన్న గడి ఖాళీగా ఉంటే మొహమాటం ఊరుకోదట, మిగతా రోగుల సగటు తీసి అందులో వేస్తుందట. ఆ దర్జీకి నాడి డెబ్బై ఎనిమిది అని వేసింది.

ఐదు రోజుల్లో మీటింగు. మైనస్‌లు చూపిస్తే నువ్వు బయటపడతావు. కానీ మొండివాణ్ణి చూపిస్తే ఈ కాల్ కూడా కనపడుతుంది. నువ్వు తప్పుగా నొక్కిన సంగతి, నేను ముందే తెలిసి దాచిన సంగతి, అన్నీ. ఆ ఒక్క వరుస తీసేస్తే ఎవరికీ తెలియదు. రంగులపెట్టె కొనమంటే నేను తీయనక్కర్లేదు కూడా. అదే పచ్చరంగు కింద కప్పేస్తుంది.

ఏం చేయమంటావు? త్వరగా రాయి. వద్దు, ఫోన్ చెయ్. రికార్డైతే కానీ.

చెల్లెలు

మార్చి 3

చెల్లీ,

ఫోన్ చేస్తే ఏడుస్తాను, అందుకే రాస్తున్నాను. నర్సు స్వయంగా తెచ్చి ఇస్తుంది.

నీ రెండు ఉత్తరాలూ చదివాను. నిన్ను క్షమించడానికి నేనెవణ్ణి? బటను మీద ఉన్నది నా వేలు.

నిన్న దర్జీ ఇంటికి వెళ్లాను. గుమ్మంలో నిలబడి అంతా చెప్పాను, సందు మొదట్లో నొక్కిన సంగతితో సహా. తిడుతుందనుకున్నాను. కొడుతుందనుకున్నాను. ఆమె కుట్టు మిషను మీద గుడ్డ సర్దుతూ ఒక్కటే అడిగింది. "మీ ఆఫీసు నుంచి వచ్చిన కాగితంలో ఆరు నిమిషాల్లో వచ్చారని ఉంది. నేను ఎంతోసేపు ఎదురుచూశాను. నాకే పిచ్చెక్కిందేమో అనుకుంటున్నాను. నిజంగా ఎంతసేపు పట్టింది?"

"పదిహేడు నిమిషాలమ్మా" అన్నాను.

తల ఊపింది. అప్పుడు ఏడ్చింది.

జనాన్ని లెక్కపెట్టిన ఆ రాజు కథలో నేను నీకు సగమే చెప్పాను. తర్వాత అతని ముందు మూడు శిక్షలు పెట్టి ఒకటి కోరుకోమన్నారు. ఏదీ మంచిది కాదు. కానీ లెక్క దాచడం ఆ మూడింటిలో లేదు! నీకూ అంతే, దాచే దారి లేదు. మైనస్‌లు చూపించి నన్ను కాపాడొద్దు. ఆ పచ్చ గడి చూపించు. ముందు అదే చూపించు.

భయపడకు అని రాయను. నేనే భయపడుతున్నాను. భయపడుతూనే చూపించు.

నీ అన్న

మార్చి 7

అన్నయ్యా,

చూపించాను.

ఒకే కాల్‌ని మూడు తెరల మీద పక్కపక్కన పెట్టాను. డైరెక్టరుగారు మొదటి తెర చూసి, "ఆరు నిమిషాలు. బాగుంది కదమ్మా, ఇందులో చెప్పడానికేముంది?" అన్నారు.

"రెండో తెర మీద ఈయన నాడి చూడండి సార్."

"డెబ్బై ఎనిమిది. బాగానే ఉన్నాడు."

"ఆ టైముకి ఆయన పోయి ఉన్నారు సార్."

మూడో తెర మీద నొక్కాను. నాడి గడి ఖాళీగా ఉంది. కింద క్లిప్పు పెట్టిన టైము, పదిహేడో నిమిషం. దాని కింద నాలుగో బండిని వదిలేసిన టైము. దాని కింద నువ్వు కాల్ రూముతో మాట్లాడిన ప్రతి మాటా. రికార్డైంది కదా. డైరెక్టరుగారు తెరకి దగ్గరగా వచ్చారు.

"ఎవరిదీ బండి?"

"ఏడోది సార్. మా అన్నయ్యది. దాని టైముల్లో తేడా ఉందని నాకు నెల నుంచీ తెలుసు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "మిగతా పచ్చవి తెరువు" అన్నారు. ఒక్కొక్కటే తెరిచాను. ఇంటికి చేరకుండానే 'చేరాం' అని నొక్కితే, రెండో బండిని వదిలేసి, ఆ తర్వాత మనిషి పోయిన కాల్స్. పోయిన ఏడాదిలో పంతొమ్మిది. ఒక్కటీ నీది కాదు. నీది పోయిన నెల్లోనే, నా వల్ల.

మొండివాణ్ణే కొంటున్నారు. విచారణ అయ్యేదాకా నువ్వు బండి నడపకూడదు, కడగడం తుడవడం చేయాలి. నన్ను ఈ పని నుంచి తీసేశారు, మళ్లీ మూలకి వచ్చాను. పంతొమ్మిది ఇళ్లకీ కొత్త కాగితాలు రాయమన్నారు, నిజం టైములతో. ఆ పని నేను అడిగి తీసుకున్నాను. మూడు రాశాను. నాలుగోదాని దగ్గర కలం ఆగిపోయింది.

వానల్లో పోయిన ఆమె గురించి అడిగావు కదా, ఆ కాల్ కూడా తెరిచి చూశాను. తొమ్మిది నిమిషాలు అన్నయ్యా. నువ్వు ఆలస్యం చేయలేదు.

చెల్లెలు

మార్చి 29

నా చెల్లెలికి,

పంతొమ్మిదీ పూర్తి చేశావని నర్సు చెప్పింది. దేవుడు నీ చేతిని బలపరచును గాక.

ఇరవై రోజులు బండ్లు కడిగాను. మెరుపు బండి కూడా కడిగాను. అతను పక్కన నిలబడి నీళ్లు అందించాడు. నవ్వలేదు, జోకులేదు. "అన్నా, నావి ఎన్ని?" అని ఒక్కసారి అడిగాడు. నాకు తెలియదన్నాను. నువ్వు చెప్పలేదు కూడా. చెప్పకు.

విచారణ అయింది, ఇవాళ స్టీరింగు తిరిగి ఇచ్చారు. ప్రసంగంలో ఎప్పుడూ ధైర్యం గురించే అరిచేవాణ్ణి. ఇక అరవలేనేమో. మొదటి కాల్‌కే సందు మలుపు తిరిగేసరికి వేలు దానంతటదే ఫోను వైపు వెళ్లింది. చెయ్యి లాక్కున్నాను. సంచీ తీసుకుని పరుగెత్తాను. పెద్దావిడ, మెట్ల మీద పడిపోయి ఉంది. వేలికి క్లిప్పు పెట్టాక, గాలి గొట్టం పెట్టాక, స్ట్రెచరు కోసం తిరిగి వచ్చి అప్పుడు నొక్కాను.

నీ మొండివాణ్ణి తెరిచి చూడు. ఏడో బండి, మైనస్ మూడు. పక్క గడిలో నాడి తొంభై రెండు.

నాది ఎంత కొట్టుకుందో ఏ క్లిప్పూ రాసుకోలేదు.

నీ అన్న